అడ్డాకుల వరసలో ఒక కాగితం

కొయ్యూరు నుంచి వచ్చిన అడ్డాకుల కట్ట విప్పగానే నర్సీపట్నంలోని మా ఇంట్లో ముందు కొండవాన వాసన, వెనకాలే ఆరిన ఆకు కమ్మదనం కమ్ముకుంటాయి. ఆ వాసనకి మా చెల్లి సుగుణ ఏ మూలనున్నా వచ్చి కట్ట ముందు కూర్చుంటుంది. దానికి యాభై దాటాయి. నేను పోయాక దాన్ని ఎవరు చూస్తారన్నదే నాకున్న బెంగ.

మా చిన్నప్పుడు అమ్మ ఈ అడ్డాకులతో విస్తళ్ళు కుట్టేది. వానలు వెనకపట్టాక కొండ మీంచి ఆడవాళ్ళు ఆకు మోసుకొచ్చి మా అరుగు మీద దించి, అమ్మ ఇచ్చిన గంజి తాగి, పోతూపోతూ సుగుణ ఒళ్ళో ఓ సీతాఫలం పెట్టేవారు. అది పండు ముట్టేది కాదు. దానికి మాట లేదు, పిలిస్తే చూడదు, ముద్దు పెట్టబోతే కేక. ఆకుల్ని మాత్రం ఒక్కొక్కటీ అరచేత్తో నిమిరి, పెద్దది అడుగున, దాని మీద చిన్నది, ఆ పైన ఇంకా చిన్నది పేర్చేది. మధ్యలో ఎవరైనా ఒకటి లాగితే కట్టంతా విప్పి మళ్ళీ మొదలుపెట్టేది.

"నోట్లో మాట నేదు గానీ, నీ కూతురికి కంట్లో కొలబద్దుందే!" అనేది ఆకులు తెచ్చే సన్నమ్మ. అమ్మ నవ్వేది.

క్రిస్మస్‌కి మా పేటంతా వెదురుబద్దల నక్షత్రాలు, రంగు కాగితాలకి రాసిన మైదా జిగురు వాసన, ప్రతి పొయ్యి మీదా అరిసెల పాకం. చర్చి దగ్గర డప్పు మొదలైతే సుగుణ చెవులు మూసుకుని పరుగెత్తేది. ఒక ఏడు అలా పోయి ఏటి ఒడ్డున దొరికింది. మర్నాడే అమ్మ పాత చీర అంచు చింపి ఒక కొస దాని నడుముకి, రెండో కొస నా నడుముకి కట్టింది.

"నాను బడికెల్లొద్దేటే?"

"సెల్లి కాసింత పెద్దదవనీ, అప్పుడెల్దువుగాని."

తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లలు మమ్మల్ని చూసి "జోడెడ్లొచ్చీనాయిరోయ్!" అని అరిచేవారు. బడిగంట అరుగు మీదికే వినిపించేది. చెల్లి పెద్దదయింది. నా బడి వయసు దాటిపోయింది.

అమ్మ పోయాక, యాభై అయిదో ఏట, చర్చిలో ఆడవాళ్ళకి పెట్టిన సాయంత్రం క్లాసులో అక్షరాలు దిద్దాను. ఆ చదువుతోనే మొన్న ఒక కొత్త బోర్డు అక్షరాలు కూడబలుక్కుని చదివాను: ఆటిజం పిల్లలకు ఉచిత సేవలు, ప్రభుత్వ కేంద్రం. ఆటిజం అంటే ఏమిటో అడిగి తెలుసుకుని, దరఖాస్తు తెచ్చి మూడు రోజులు కూర్చుని నింపాను. నా చేత్తో నేను నింపిన మొదటి కాగితం అది. పిలిస్తే పలుకుతారా, వస్తువులు వరసగా పేరుస్తారా, పెద్ద చప్పుళ్ళకి చెవులు మూసుకుంటారా? ప్రశ్నలన్నీ ఎవరో మా అరుగు మీద కూర్చుని రాసినట్టున్నాయి.

విశాఖ నుంచి వారానికి రెండుసార్లు వచ్చే థెరపీ అమ్మాయి కాగితం అందుకుంది.

"పాపని తీసుకొచ్చారా అమ్మా?"

"ఇదేనండీ పాప."

ఆమె నవ్వబోయి సుగుణ ముఖం చూసి ఆగింది. "ఇక్కడ పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకే ఈ సేవలమ్మా. పెద్దవాళ్ళకి ఏమీ లేదు. విశాఖలో అడిగి చూడండి, అక్కడా ఉందో లేదో..."

"మరి నా తరవాత దీన్నెవరు సూత్తారండీ? అది రాయడానికి మీ కాగితంలో జాగా నేదు."

ఆమె కాగితం మెల్లగా తిరిగిచ్చింది. పక్క బెంచీ మీద రెండేళ్ళ పాపతో, ఎస్. రాయవరం నుంచి వచ్చిన ఒకామె కూర్చుని ఉంది. "బేగి తెచ్చావమ్మా, మంచి పని సేసావు," అన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను. తిరిగొచ్చే బస్సులో మాత్రం ఆ పాప ముఖం గుర్తొస్తే కిటికీ వైపు తిరిగాను.

ఇప్పుడు అమ్మ లేదు, సన్నమ్మ లేదు. అరుగు కొట్టేసి గోడ కట్టాం. బజారంతా కాగితం ప్లేట్లు వచ్చాక విస్తరి అడిగేవాళ్ళూ లేరు. సుగుణ కోసమే కట్ట తెప్పిస్తాను. ఆ రోజు దరఖాస్తు ఆకుల పక్కన పడేసి కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి, అది ఆ కాగితాన్ని అరచేత్తో నిమిరి, అటూ ఇటూ కొలిచి, పెద్దాకుల మీద, చిన్నాకుల కింద సరిగ్గా పెట్టింది.

తీస్తే కట్టంతా విప్పి మళ్ళీ మొదలుపెడుతుంది. తీయలేదు.