మళ్ళీ కంటపడ్డ రాయి

ఇత్తో మిదెల్త్ ఊళ్ళో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేది. కొండ మీది టెలిస్కోపు తీసిన ఫొటోలు ఆమె కంప్యూటర్‌కి వచ్చేవి. బడి అయ్యాక వాటిని తిప్పి చూస్తూ, నక్షత్రాల మధ్య కదిలే చుక్క కోసం వెతకడం ఆమెకు ఇష్టం.

ఒక వసంతంలో అలాంటి చుక్క దొరికింది. వరసగా రెండు రాత్రుల ఫొటోల్లో ఉంది. అంతకుముందు ఎవరూ చూసినది కాదు. లెక్క కడితే, కుజుడికీ గురుడికీ మధ్య సూర్యుణ్ణి చుట్టే రాయని తేలింది. దాని దారి ఖాయం కావాలంటే ఇంకొన్ని వారాలు వెంబడించాలి. ఇంతలో కొండకి మంచు మబ్బులు పట్టాయి. అవి విడిచేసరికి భర్త బాస్సో ఆపిల్ చెట్టు మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. మెక్నెస్ పట్నం ఆసుపత్రి నుంచి అతన్ని ఇంటికి తెచ్చేసరికి రాయి సూర్యుడి వెలుగు చాటుకు వెళ్ళిపోయింది.

“మేకని పోగొట్టుకున్నవాళ్ళు కూడా ఇంతలా ఏడవరే పిల్లా,” అంది అత్తగారు తూదా, టీ గ్లాసు ముందుపెట్టి.

“మేకైతే అరుస్తుంది లల్లా అత్తా. దీన్నెక్కడని వెతకను?”

ఏడాది దాటి కొన్ని నెలలకు రాయి మళ్ళీ రాత్రి ఆకాశంలోకి రావాలి. ఆ విడతలో దొరకలేదు. తర్వాతి విడతలోనూ లేదు.

మంచాన ఉన్న బాస్సోకి పొద్దు గడిచేది కాదు. ఆమె బడికెళ్ళాక తనే ఫొటోలు తిప్పేవాడు. అతను చూపించిన ప్రతి చుక్కా దుమ్మో, కెమెరా లోపమో అయ్యేది.

మూడో విడతలో ఒక మధ్యాహ్నం, “ఇదొక్కటి చూడు. ఇదీ కాదంటే ఇక నేను వెతకను,” అన్నాడు.

ఇత్తో దాని దారిని వెనక్కి లెక్కగట్టింది. అది సరిగ్గా ఆ పాత చుక్కల మీదుగానే పోయింది. ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే బాస్సో కంగారుపడ్డాడు.

“మళ్ళీ తప్పేనా?”

“కాదయ్యా, అదే!”

ఈసారి ఇద్దరూ వదల్లేదు. నాలుగేళ్ళ పైచిలుకుకి ఒక చుట్టు, కాస్త కోలగా, భూమి తిరిగే తలానికి వాలుగా. అలా దారి ఖాయమైంది. పేరు పెట్టే హక్కు ఇత్తోకి వచ్చింది.

“నా కొడుకు పేరు పెట్టు,” అంది తూదా.

“వద్దమ్మా! చెట్టు మీంచి పడ్డవాడి పేరు పెడితే అదీ ఎవరి నెత్తినో పడుద్ది,” అన్నాడు బాస్సో.

“పడదులే. భూమి దగ్గరికే రాదు,” అని ఇత్తో నవ్వి, ఆకాశంలో వాటికి పేర్లు ఖాయం చేసే సంఘానికి అతని పేరే పంపింది.

పేరు ఖాయమైందని తెలిసిన రోజు, వద్దన్న ఆ మనిషే చేతికర్ర పట్టుకుని సంతకెళ్ళి, ఎదురైన ప్రతివాణ్ణీ ఆపి చెప్పాడు.