బావ చెయ్యి గాల్లోనే ఉండిపోయిన రోజు

ఆ రోజుల్లో మా సిరిసిల్లలో ఎవరూ మెల్లగా మాట్లాడేవారు కాదు. కోపం ఉండి కాదు, సాంచాల మధ్య పుట్టి పెరిగినందుకు. (సాంచా అంటే కరెంటు మగ్గం. ఒక్కటి ఆడితేనే పక్కవాడి మాట వినపడదు, మా వాడకట్టులో ఇంటింటికీ ఆడేవి.) ఉప్పు అందించమన్నా, చావు కబురు చెప్పినా అదే గొంతు. సంబంధం చూడటానికి వచ్చిన బయటి ఊరివాళ్లు మేం కొట్లాడుకుంటున్నామనుకుని చెప్పులు వెతుక్కునేవారు. అదే రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. చందుర్తి బస్సెక్కితే అంతా గుసగుసలే. రాత్రి అన్నలు, అంటే నక్సలైట్లు, వచ్చి అన్నం అడిగేవారు, పొద్దున పోలీసులు వచ్చి ఎవరికి అన్నం పెట్టావని అడిగేవారు. నోరున్నా లేనట్టు ఉండటమే మేలన్న కాలం. ఈ రెండు అలవాట్లూ పక్కపక్కనే చాలా ఏళ్లు బతికాయి. అవి ఎదురెదురు పడింది మాత్రం మా ఇంటి వెనకాల, నా వల్ల.

నేను హైదరాబాదులో పాలిటెక్నిక్ ముగించి ఇంటికొచ్చాను. పుణె దగ్గర ఒక కార్ల సామాన్ల ఫ్యాక్టరీవాళ్లు ఇంటర్వ్యూకు పిలిచారు. వాళ్ల దగ్గర వెల్డింగుకు ఇనుప ముక్కలు ఎత్తి పెట్టే రోబో ఉందట, దాన్ని నడిపే ఆదేశాలు రాసేవాళ్లు కావాలట. మా కాలేజీలో రోబో అంటే ఒక పాఠం, నల్లబల్ల మీద సారు గీసిన ఒక చెయ్యి. (సారు కూడా దాన్ని ఎన్నడూ చూడలేదు. చూడకుండానే అంత ధైర్యంగా గీసినందుకు ఇప్పటికీ ఆయనంటే గౌరవమే.) పాఠం మాత్రం నాకు నోటికి వచ్చు. రోబోకు సొంత తెలివి లేదు. ‘మూవ్’ అంటే కదులుతుంది, ‘క్లోజ్’ అంటే వేళ్లు మూస్తుంది, ‘ఓపెన్’ అంటే వదులుతుంది, ‘వెయిట్’ అంటే ఆగుతుంది. మధ్యలో మనం ఏదైనా చెప్పడం మరిచిపోతే అది దాని తప్పు కాదు, మన తప్పు. అన్నీ తెలుసు గానీ, నా ఆదేశానికి ఏదైనా ఒకటి కదలగా చూసింది లేదు. ఈతను పుస్తకంలో చదివి బావి గట్టు మీద నిలబడ్డట్టు ఉండేది నా పరిస్థితి.

సరిగ్గా అప్పుడే కోరుట్ల నుంచి మా బావ, అంటే మేనమామ కొడుకు, మా ఇంటికి వచ్చి ఉన్నాడు. దుబాయ్‌లో పని సిద్ధంగా ఉంది, పాస్‌పోర్టే రావాలి. దానికి పోలీసుల ఎంక్వైరీ కావాలి. వయసులో ఉన్న మగపిల్లవాడి పేరు ఏ స్టేషన్లోనైనా ఒక్కసారి ఎక్కిందంటే దుబాయ్ సంగతి దేవుడెరుగు, జగిత్యాల బస్సెక్కడం కూడా కష్టమే. కోరుట్లలో దోస్తులతో తిరిగి ఎవరి కంట పడతాడోనని మామే అతన్ని పంపాడు, “పాస్‌పోర్టు వచ్చేదాక అత్తమ్మ ఇంట్ల సప్పుడు చెయ్యకుంట పడి ఉండు” అని. సప్పుడు లేకుండా ఉండటానికి సిరిసిల్ల పంపడం మా మామకే చెల్లింది.

“బావా, నువ్వు రోబోవు” అన్నాను ఒక పొద్దున.

“అంటే ఏంది?”

“నిలబడ్డకాడ నుంచి కాళ్లు కదపొద్దు. కుడిచెయ్యి ఒక్కటే ఆడాలె. నేను చెప్పిందే చెయ్యాలె, చెప్పంది చెయ్యొద్దు. ఇంకెవ్వలు చెప్పినా వినొద్దు.”

“గంతేనా? మా అమ్మ ముందట మా నాయిన రోజూ చేసేది గదే.”

మా సాంచాల షెడ్డు వెనకాల ఖాళీ జాగాలో ఒక స్టూలు వేసి, దాని మీద నూలు చుట్టిన కండె నిలబెట్టాను. పక్కన గంప. కండెను తీసి గంపలో వేయాలి, అంతే పని. మొదటిసారి “ముందుకు!” అన్నాను, బావ చెయ్యి సూటిగా పోయి కండెను పడగొట్టింది. ముందు చెయ్యి వస్తువు మీదికి పోవాలి, తర్వాత కిందికి దిగాలి, పట్టుకోవాలి, పట్టు కుదిరేదాకా ఆగాలి, మళ్లీ పైకి లేవాలి. పుస్తకంలో ఒక్క వరుసలో ఉన్న సంగతి, పడ్డ కండెలు ఏరుకుంటుంటే తలకెక్కింది. మా నాయనమ్మ గడప మీద కూర్చొని, “లగ్గం కాకముందే గిట్ల ఆడిస్తున్నది, అయినంక పిలగాని గతేందో” అని వాడకట్టంతా వినేలా బాధపడేది.

ఇదంతా సాంచాల హోరులో జరుగుతున్నందున నేను గొంతు చించుకుని అరవాల్సి వచ్చేది. ఒక మధ్యాహ్నం, “చెయ్యి పైకి! ముందుకు! కిందికి! పట్టు! ఆగు! పైకి!” అని అరుస్తుండగా కరెంటు పోయింది. వాడకట్టులో సాంచాలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. నా గొంతు మాత్రం ఆగలేదు. ఆ నిశ్శబ్దంలో “ముందుకు! వదులు!” అన్న కేక రోడ్డు దాకా పోయింది. రోడ్డు మీద పోలీసు జీపు ఉంది.

వెనక వాకిలి నుంచి ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చేసరికి బావ ఇంకో కండె పట్టుకుని, చెయ్యి గాల్లోకి ఎత్తి నిలబడి ఉన్నాడు.

“ఏంటమ్మా ఇది? ఎవరికి ట్రైనింగ్ ఇస్తున్నావ్?” అన్నాడు ఎస్సై. కోస్తా నుంచి వచ్చిన మనిషి. “ఏయ్, చెయ్యి దించరా!”

బావ దించలేదు. ఇంకెవ్వరు చెప్పినా వినొద్దన్నది నేనే కదా. (భయంతో చెయ్యి బిగుసుకుపోయిందని తర్వాత చెప్పాడు. నేను నమ్మను.) కానిస్టేబుల్ ముందుకు వస్తుంటే నాకు కనబడింది లాఠీ కాదు, రాని పాస్‌పోర్టు. “బావా, చెయ్యి దించు!” అని అరిచాను. వెంటనే దించాడు. ఎస్సై అతన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

“రోబో సార్” అన్నాను.

“సిరిసిల్లలోనా?”

పుణె సంగతి చెప్పాను. ఆయనకు నమ్మకం కుదరలేదు. ఇంతలో అమ్మ చాయ్ తెచ్చి స్టూలు మీద పెట్టింది. “అయితే ఆ గ్లాసు నాకు ఇప్పించు. లేకపోతే మీ రోబోని జీపెక్కించాల్సి వస్తుంది” అన్నాడు ఎస్సై.

నా బతుకులో ఎన్నో పరీక్షలు రాశాను గానీ అంత జాగ్రత్తగా ఏదీ రాయలేదు. గ్లాసు మీదికి, కిందికి, పట్టు, ఆగు, పైకి, పక్కకు. చుక్క ఒలకకుండా గ్లాసు ఎస్సై ముందుకు వచ్చింది. ఆయన చేతులు కట్టుకునే ఉన్నాడు.

“సార్, మీరు పట్టుకొని ‘ఆఁ’ అనాలె. అవతలోళ్లు అందుకున్నరని తెల్వకుంట రోబో వదలొద్దు.”

ఎస్సై గ్లాసు పట్టుకుని “ఆఁ” అన్నాడు. గోడ మీదుగా చూస్తున్న వాడకట్టు కిసుక్కుమంది. “వదులు!” అన్నాను. బావ వదిలాడు.

ఇక ఆయనకు ఆశ పుట్టింది. టోపీ తీసి స్టూలు మీద పెట్టి, పక్కనే గ్లాసు పెట్టి, తానే ఆదేశాలు మొదలుపెట్టాడు. (“సార్ చెప్పింది గూడ విను బావా” అని ముందు నేను చెప్పాల్సి వచ్చింది.) “కిందికి! పట్టు! పక్కకు!” పైకెత్తమనడం మరిచాడు. బావ చెప్పింది చెప్పినట్టు గ్లాసును పక్కకు ఈడ్చాడు. సగం చాయ్ టోపీ మీద.

“ఇప్పుడు తప్పెవరిదమ్మా?” అన్నాడు ఎస్సై.

“మీదే సార్. పైకెత్తుమని చెప్పలే.”

ఆ మాట ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎస్సై టోపీని చూశాడు, బావను చూశాడు, ఉన్నట్టుండి పెద్దగా నవ్వాడు. బావ ఊరూ పేరూ, పాస్‌పోర్టు సంగతీ నన్నడిగి తెలుసుకున్నాడు (బావ నోరు విప్పలేదు, నేను చెప్పలేదు మరి). పోతూ పోతూ, “కోరుట్ల స్టేషనుకు నేను చెప్తాలే. చెప్పిన పని తప్ప ఇంకోటి చేయడని” అన్నాడు.

బావకు పాస్‌పోర్టు వచ్చింది. నాకు ఉద్యోగమూ వచ్చింది. ఇంటర్వ్యూలో, వస్తువు వదిలే ముందు ఏం రాయాలని అడిగారు. అవతలివాళ్లు అందుకున్నారన్న సంకేతం వచ్చేదాకా ఆగమని రాయాలన్నాను. ఎక్కడ నేర్చుకున్నావన్నారు. నాకొచ్చిన హిందీలో, “సిరిసిల్ల పోలీసుల దగ్గర” అన్నాను. వాళ్లకు ఏం అర్థమైందో గానీ, తీసుకున్నారు. మా వాడకట్టు నుంచి పుణె ఫ్యాక్టరీకి పోయిన మొదటి ఆడపిల్లను నేనే. ఇది గొప్ప కోసమే చెబుతున్నాను.

దుబాయ్ నుంచి తిరిగొచ్చాక బావతోనే నా పెళ్లయింది. మా ఫ్యాక్టరీకి ఇంటివాళ్లను రానిచ్చే రోజున అతన్ని తీసుకుపోయాను. నేను రాసిన ఆదేశాలతో రోబో వరసగా ఇనుప ముక్కలు ఎత్తి పెడుతోంది. బావ చాలాసేపు చూశాడు. చూస్తూ చూస్తూ, తనకు తెలియకుండానే కుడిచెయ్యి సగం పైకెత్తాడు.

“మంచిగనే చేస్తుంది” అన్నాడు. “గని దీని ముందట ఎస్సైని నిలబెట్టి చూడు. గిట్లనే వణకకుంట ఉంటదా?”

నాకు నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి. ఈ రోజుల్లో మా పెద్ద మేనేజరు తప్పు రాసినా “ఒకసారి చూస్తారా సార్” అని మెత్తగా అంటున్నాను. ‘మీదే సార్’ అన్న ఆ పిల్ల ఎటు పోయిందో! బావ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. చుట్టూ మెషీన్ల హోరు. ఒక్క క్షణం షెడ్డు వెనకాలే ఉన్నాననిపించింది. సిరిసిల్ల గొంతు తన్నుకొచ్చింది.

“బావా, చెయ్యి దించు!”

ఫ్యాక్టరీ అంతా తిరిగి చూసింది. బావ దించాడు.