ఎండబిళ్ల కింది ముద్ద

నా చిన్నప్పుడు ఒక చలికాలమంతా మా ఇంట్లో నవ్వడం నిషేధం. ఆ ఏడు చలి ఎంతంటే, మా కోనసీమలో గేదెలు పాలివ్వడం మానేసి ఏకంగా గడ్డపెరుగే ఇచ్చేవి. కాలవలో బాతులు ఈదలేక గట్టున బారుగా నిలబడి దగ్గేవి. లేదు లెండి. గేదెలు పాలే ఇచ్చేవి. ఆ గేదెలు కూడా మావి కావు, కామందుగారివి. దగ్గింది బాతులు కాదు, నేనూ మా చెల్లీ. ఈ వయసులో కూడా ఏదైనా చెప్పబోతే నా నాలుక ముందు పరిగెత్తుతుంది, నిజం దాని వెనకాల రొప్పుకుంటూ వస్తుంది. కాస్త ఓపిక పడితే అదీ చేరుతుంది.

డెబ్భైల మాట. అమలాపురానికి కాస్త ఎడంగా, కొబ్బరితోటల నడుమ మాదొక తాటాకిల్లు. అమ్మా నాన్నా రెండో పంట దాళ్వా నాట్లకు కూలికి వెళ్లేవారు. పొగమంచులోనే బయల్దేరి, దీపాలు పెట్టే వేళకు మోకాళ్లదాకా బురదతో తిరిగొచ్చేవారు. పగలంతా ఇంట్లో ఉండేది ముగ్గురం. మోకాళ్లు పట్టేసి పొలం మానుకున్న మా మామ్మ, అంటే నాన్న తల్లి, ఎనిమిదేళ్ల నేను, నాలుగేళ్ల చెల్లి. పిల్లలిద్దరికీ కోరింత దగ్గు పట్టుకుంది. నాది తగ్గుముఖం పట్టింది గానీ చెల్లిది రోజురోజుకీ ఎక్కువవుతోంది. దగ్గు పూర్తిగా పోయేదాకా బడికి రావద్దని పంతులమ్మగారు నన్ను పంపించేశారు. చుట్టుపక్కలవాళ్లు తమ పిల్లల్ని మా వాకిట్లోకి అడుగు పెట్టనిచ్చేవారు కాదు. వాళ్లు కాలవగట్టు మీద గోలీలాడుకునే చప్పుడు మాత్రం నాకు వినబడేది. చలిగాలి తగలకుండా గుమ్మానికి గోనెపట్టా వేలాడదీశారు. దాంతో లోపల పొద్దున్నా సాయంత్రం ఒకటే మసక.

కోరింత దగ్గు చూసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఒకదాని మీద ఒకటి తోసుకొస్తుందే తప్ప, ఊపిరి పీల్చుకోవడానికి సందివ్వదు. చెల్లి ముఖం కమిలిపోయేది. చివరికి ఈల వేసినట్టు గాలి లోపలికి లాక్కుని, తిన్నదంతా కక్కేసేది. చూస్తుండగానే దాని మెడ సన్నబడి, ఎముకలు పైకి తేలాయి.

సైకిలు మీద వచ్చే కాంపౌండరుగారు ఒక సాయంత్రం దాని డొక్క తడిమి చూసి అమ్మతో అన్నారు. “నవ్వించకూడదమ్మా, ఏడిపించకూడదు, పరుగులు పెట్టనివ్వకూడదు. దగ్గు రేగితే తిన్నది నిలవదు. ఇప్పుడీ పిల్లకి మందుకన్నా ముద్ద ముఖ్యం. ఇంకా నీరసిస్తే నా చేతిలో ఉండదు మరి.”

“ఆయ్,” అంది అమ్మ. ఆ చిన్నమాట కూడా సగమే వినబడింది.

నాకేమో ఈ లోకంలో వచ్చిన విద్య ఒక్కటే, చెల్లిని నవ్వించడం. బస్సు కండక్టరులా అరిచేవాణ్ణి. గుడ్డు పెట్టబోయే కోడిలా తిరిగేవాణ్ణి. ఆదివారం ప్రార్థనలో కునుకు తీసి, ఆమెన్ దగ్గర ఉలిక్కిపడే పెద్దాయన్ని అచ్చుగుద్దినట్టు దించేవాణ్ణి. కాంపౌండరుగారు వెళ్లాక ఇవేవీ చెయ్యలేదు, నమ్మండి. ఊరికే దానివైపు చూశాను. నా ముఖం చూసి అది కిసుక్కుమంది. తాగిన గంజంతా బయటికొచ్చింది. ఆ రాత్రి నుంచి నన్ను గోడవైపు తిప్పి పడుకోబెట్టేరు. పగలు కూడా చెల్లికి వీపు పెట్టే కూర్చోవాలి. మట్టిగోడ మీద చీమలు ఎటునుంచి ఎటు పోతాయో నాకు తెలిసినంతగా ఆ తాలూకాలో ఇంకెవరికీ తెలియదు. ఇది కోత కాదు.

కొన్నాళ్లకు ముగ్గురం ఒకరినొకరు చూస్తే కరిచేలా తయారయ్యాం. మామ్మ కూడా మాతోపాటు ఖైదీయేనని నాకప్పుడు తట్టలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పొలం గట్ల మీద పదిమందిలో పని చేసిన మనిషి. అలాంటి మనిషి గోనెపట్టా వెనకాల రెండు దగ్గుల మధ్య కూర్చుంది.

“ఏంట్రా ఆ మొహం? ఇది జైలనుకున్నావా?” అంది ఒకరోజు.

“కాసేపు బయటికెళ్తానే మామ్మా.”

“ఎవరింటికెళ్తావు? నిన్ను చూత్తే ఊళ్లో కుక్కలు కూడా తలుపులేసుకుంటన్నాయి. ఇటు తిరిగి కూర్చో. ఆ కాంపౌండరు నవ్వద్దన్నాడు గానీ సంబరపడద్దన్లేదు కదా.”

మర్నాడు మంచు విడిచి, సూర్యుడు కొబ్బరి తలలు దాటాక, ఇంటి మధ్యలో నేల మీద రూపాయి బిళ్లంత ఎండ పడింది. నిన్నటిదాకా అది లేదు. తలెత్తి చూస్తే పైన తాటాకులో కొత్త చిల్లు. మామిడికాయలు కోసే దోటీ గుమ్మం పక్కన ఉండాల్సింది, మామ్మ మంచం కింద ఉంది. సాయంత్రం నాన్న పైకి చూసి “ఈ చిల్లేంటమ్మా?” అంటే, “ఎలకలురా, దొంగముండలు,” అంది మామ్మ కన్నార్పకుండా. కోతలు కోయడం నాకు ఎవరి పోలికో ఆ సాయంత్రమే తెలిసింది.

ఆ ఎండబిళ్ల దారిలో మామ్మ అరటాకు చీలిక పరిచింది. మెత్తగా పిసికిన అన్నంలో కాస్త బెల్లం కలిపి, ఉసిరికాయంత ముద్దలు చేసి, జానెడేసి దూరంలో పెట్టింది. ఎండబిళ్ల ముద్ద మీదికెక్కితే ఆ ముద్ద ఉడికినట్టు. అప్పుడే తినాలి. ఎక్కనిది పచ్చిముద్ద, దాన్ని ముట్టకూడదు. ఈలోగా గెంతినా గోల చేసినా ఎండ బెదిరి వెనక్కి పోతుందట.

ఎండ పాకడం మీరెప్పుడైనా చూశారో లేదో. చూస్తున్నంతసేపూ కదలదు, కాస్త ఏమరితే కదిలి ఉంటుంది. నేనూ చెల్లీ నేల మీద బోర్లా పడుకుని, గడ్డాలు చేతుల మీద ఆనించి, దాన్ని కాపలా కాసేవాళ్లం. బిళ్ల అంచు తగిలి ముద్ద ఒక పక్క తెల్లగా వెలిగేసరికి చెల్లి కళ్లు ఇంతింతయ్యేవి. నవ్వేది కాదు. ముఖం నిండా సంబరమే గానీ చప్పుడుండేది కాదు. ఒక ముద్దకీ ఇంకో ముద్దకీ మధ్య అంత వ్యవధి ఉండేసరికి, తిన్నది దాని పొట్టలో కుదురుకునేది. మామ్మ కిటుకంతా అక్కడే ఉందని నేను పెద్దయ్యాక గానీ తెలుసుకోలేదు. ఆ రోజు చెల్లికి దగ్గొచ్చింది గానీ అన్నం బయటికి రాలేదు.

అలా కొన్నాళ్లు బాగానే గడిచేయి. ఇంతలో సముద్రంలో వాయుగుండం పట్టి ముసురు మొదలైంది. ఎండ మాట దేవుడెరుగు, మామ్మ పొడిచిన చిల్లులోంచి వానచుక్కలు పడుతున్నాయి. వాటికింద సత్తుగిన్నె పెట్టింది. చెల్లి మాత్రం నోరు బిగించేసింది.

“ఎండ రాలేదుగా. పచ్చిముద్ద నేను తినను.”

మొదటి రోజు అలాగే పోయింది. రెండో రోజూ ముసురు వదల్లేదు. చెల్లి చెయ్యి ఎత్తితే ఎత్తినట్టే వాలిపోతోంది. మామ్మ బతిమాలింది, తర్వాత కసిరింది. కసిరితే దాని కింది పెదవి వణికింది. ఏడిస్తే దగ్గు రేగుతుందని మామ్మ గొంతు దించేసింది. అమ్మావాళ్లు రావడానికి ఇంకా చాలా పొద్దుంది. మామ్మ వేళ్ల మధ్య ముద్ద ఎండిపోతోంది.

“ఒరే,” అంది నాకేసి తిరిగి. “ఊరందరికీ కోతలు కోత్తావు కదా. సూరీడు ఎక్కడిదాకా వచ్చేడో దీనికి చెప్పు. నవ్వు రాకూడదు. వచ్చిందో, నీ వీపు చీరేత్తాను.”

“జొన్నాడ వంతెన మీదున్నాడు,” అన్నాను. “లారీల వెనకాల ఇరుక్కుపోయాడు.”

జొన్నాడ మాకు తూర్పున లేదు. ఆ సంగతి నాకూ తెలియదు, చెల్లికీ తెలియదు. అది నా ముఖంలోకి చూసింది. దాని పెదవి కొస కొంచెం కదిలింది. నా నాలుక మీద కండక్టరు సిద్ధంగా ఉన్నాడు, “రైట్ రైట్” అనడమే తరువాయి. సరిగ్గా అప్పుడు మామ్మ చెయ్యి నా మోకాలి మీద పడింది. ఆగిపోయాను. తర్వాత్తర్వాత అంబాజీపేటలో లారీలకు కొబ్బరికాయల బస్తాలెత్తిన మనిషిని నేను. ఆ కాసేపు నోరు మూసుకున్నంత బరువు మళ్లీ మొయ్యలేదు.

“తర్వాత?” అంది చెల్లి.

నేను మాట్లాడలేదు. మామ్మ ముద్ద అందించింది. చెల్లి నన్నే చూస్తూ నోరు తెరిచింది, నమిలింది. గుటక పడ్డాక మామ్మ చెయ్యి నా మోకాలి మీంచి లేచింది.

“అంబాజీపేటలో దిగాడు. తడిసి ముద్దయిపోయాడు. కొబ్బరికాయల లారీ దగ్గర నిలబడి తువ్వాలు అడుగుతున్నాడు.”

మళ్లీ చెయ్యి, మళ్లీ ముద్ద. మధ్యలో ఒకసారి చెల్లి గొంతులో గరగర మొదలైంది. ముగ్గురం బిగుసుకుపోయాం. సత్తుగిన్నెలో చుక్కలు టప్పుటప్పుమంటున్నాయి. “సూరీడికి నిద్రొస్తోంది,” అన్నాను ఇంకా మెల్లగా. “లారీ కింద పడుకున్నాడు. లేపకూడదు.” గరగర దానంతటదే సద్దుమణిగింది. సూర్యుణ్ణి కాసేపు పడుకోనిచ్చి, లేపి, కాలవగట్టుదాకా నడిపించాను. మా గుమ్మందాకా తేవాల్సిన అవసరం రాలేదు. ఆకు ఖాళీ అయ్యింది, చెల్లి నిద్రపోయింది. తిన్నది పొట్టలోనే ఉంది.

మామ్మ గోనెపట్టా తప్పించుకుని పెరట్లోకి వెళ్లింది. ఎంతకీ రాకపోతే వెళ్లి చూశాను. వానలో, కట్టెల మోపు చాటున నిలబడి, పైటచెంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తోందనుకుని భయమేసింది. నన్ను చూసి చెంగు బయటికి తీసింది. “తువ్వాలంటరా, తువ్వాలు,” అని మళ్లీ కుక్కుకుంది. కళ్లల్లో నీళ్లున్న మాట మాత్రం నిజం. వానవేమో, నాకు తెలియదు.

చెల్లి ఆ చలికాలం గట్టెక్కింది. ఇప్పుడు ఊళ్లో జరిగే ఏ విందులోనైనా రెండు ఆకులు ఖాళీ చేస్తుంది. లేదు లెండి, ఒకటే. ఈ మాట రాశానని తెలిస్తే ఆ ఒకటీ నా నెత్తిన పడుతుంది.

కోతలు నేను మానలేదు. నవ్వించడం నాకెవరూ నేర్పలేదు, పుట్టుకతోనే వచ్చింది. ఆగడం మాత్రం ఆ ముసురురోజున మా మామ్మ దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు పొగమంచు రోజుల్లో మనవలకు జలుబు చేసి ఇంట్లో పడి ఉంటే, కంచం వాళ్ల ముందు పెట్టి ఏదో ఒక పెద్ద అబద్ధం ఎత్తుకుంటాను, సగంలో ఆపేస్తాను. “తర్వాతేంటి తాతా?” అంటూ నా నోటికేసి చూస్తారు. నా నాలుక ఎంత దురదపెట్టినా, వాళ్లకు గుటక పడేదాకా తర్వాతి మాట చెప్పను.