ముప్పై ఎనిమిది నిమిషాల నీళ్ళు

సర్వేశ్వరరావుగారికి కన్నీళ్ళు కావాలి. 2006 ఫిబ్రవరిలో ఆయన కొండెక్కింది అందుకే. జీపులో రెండు ల్యాప్‌టాప్‌లు, మూడు చిన్న వీడియో కెమెరాలు, ఒక జనరేటరు, నాలుగు పెట్టెల సీసా నీళ్ళు. జీపు ముందు కట్టిన గుడ్డ మీద 'కథలతో శాంతి' అని రాసి ఉంది. విశాఖపట్నంలో ఆయన సంస్థకు ఆఫీసు ఉంది, ఆఫీసుకు ఏసీ ఉంది, ఏసీకి విదేశీ దాతలున్నారు. ఆ ఏడాది ఆ దాతలకు గిరిజనుల మధ్య శాంతి చూడాలనిపించింది. శాంతి కావాలంటే ముందు తగాదా ఉండాలి కదా. వెతగ్గా వెతగ్గా అరకుకు ఎగువన ఒకటి దొరికింది.

తగాదా నిజమైనదే. కొండవీధి, గెడ్డవీధి అని ఒకే ఊరికి రెండు వీధులు. కొండవీధి వాళ్ళు పాత దేవతలను కొలుస్తారు. కింద, లోయలో పారే వాగు, అంటే గెడ్డ, వైపున్న వీధిలో అందరూ క్రైస్తవులయ్యారు. మూడేళ్ళ కిందట పండగ మేకకు గెడ్డవీధి వాటా ఇవ్వలేదు. "పండగలో వాటా ఒద్దన్నోలికి ఊటలో వాటా ఏటి?" అని కొండవీధి పూజారి భీముడు, రెండు వీధులూ నీళ్ళు తెచ్చుకునే ఊట దారికి ముళ్ళకంప వేయించాడు. ఆ రోజు నుంచి గెడ్డవీధి ఆడవాళ్ళు లోయలోకి దిగి, గెడ్డ నీళ్ళు మోసుకుంటూ పైకెక్కుతున్నారు. వారం వారం మోటారు సైకిలు మీద వచ్చే పాస్టరు, ఇది దేవుడు పెట్టిన పరీక్ష అని చెప్పి, తన సీసాలోని నీళ్ళు తాగి వెళ్ళిపోయేవాడు. పరీక్ష రాసేవాళ్ళు మాత్రం ఆడవాళ్ళే.

సోములమ్మది కొండవీధి. ముప్పై ఆరేళ్ళు. ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి దాకా చదివింది. మొగుడు పోయాక కాఫీ తోట, రాగులు పండే చోడి చేను ఒక్కతే చూసుకుంటోంది. కాఫీ పళ్ళు కోసే రోజుల్లో ఆమె పక్క వరస కోసం ఆడవాళ్ళు తోసుకునేవారు. ఎవరి సంగతి చెప్పినా ఆ మనిషి నడక, దగ్గు, తిట్టు అన్నీ ఆ మాటలోనే వచ్చేసేవి. ఆమె చెల్లెలు గెడ్డవీధి కుర్రాడిని చేసుకుని, బాప్తిస్మం తీసుకుని, తెరిసమ్మ అయింది. పోయిన వానల్లో గెడ్డ దారిలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. అతికిన చెయ్యి వంకరగా అతికింది. సోములమ్మకు కావలసింది ఒక్కటే. చెల్లెలు మళ్ళీ ఊట దగ్గర బిందె ముంచుకోవాలి. కెమెరా వల్ల అది జరుగుతుందేమోనని, ఊరివాళ్ళ చేతికే కెమెరాలిచ్చి వాళ్ళ కథలు తీయించే సర్వేశ్వరరావుగారి శిబిరంలో పేరిచ్చింది.

మొదటి రోజు పన్నెండు మందిని బడిలో కూర్చోబెట్టి సర్వేశ్వరరావుగారు గొంతు తగ్గించారు.

"అందరూ కళ్ళు మూసుకోండి. మీ జీవితంలో అత్యంత బాధ కలిగించిన క్షణాన్ని గుర్తుచేసుకోండి."

అందరూ మూసుకున్నారు. ఇద్దరు నిద్రపోయారు.

"సోములమ్మా, ఏం కనిపిస్తోంది?"

"ఏటీ నేదు సార్. నా బాధ నా కాడ నేదు, మా సెల్లి కాడుంది. కెమెరా ఇయ్యండి, ఎల్లి తెత్తాను."

ఆయన నవ్వారు. ఆ నవ్వు ఎలా ఉంటుందో ఆఫీసుల చుట్టూ తిరిగిన గిరిజనులందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున్నే సోములమ్మ కెమెరాతో చెల్లెలి గుమ్మం ముందు నిలబడింది.

"ఏటప్పా, నడిసేది నాను, సినిమా నీదేటి?" అంది తెరిసమ్మ. అక్కను ఆమె 'అప్పా' అనే పిలుస్తుంది.

"నోర్ముయ్యే, నడు. కెమెరా కేసి సూడొద్దన్నాడా బాబు."

"సూడను గానీ, నువ్వు ముందు దారి సూసుకో. నువ్వు పడిపోతే మోసుకెల్లడానికి నాకు ఒక్క సెయ్యే ఉంది."

అలా ఇంటి గుమ్మం నుంచి గెడ్డకు, గెడ్డ నుంచి గుమ్మానికి ముప్పై ఎనిమిది నిమిషాలు. సోములమ్మ ఒక్కసారి కూడా కెమెరా ఆపలేదు. సర్వేశ్వరరావుగారు చూసి తల పట్టుకున్నారు.

"ఎందుకు ఆపలేదమ్మా?"

"అది ఆగనేదు సార్. నానెలా ఆపుతాను?"

"ముప్పై ఎనిమిది నిమిషాలు ఎవరు చూస్తారు? మూడు నిమిషాలు! ప్రపంచంలో ఎక్కడైనా మూడు నిమిషాలే."

ప్రపంచానికి మూడు నిమిషాల కంటే ఎక్కువ ఓపిక లేకపోవచ్చు. దాని శిక్ష తెరిసమ్మ కాళ్ళకెందుకో ఆయన చెప్పలేదు. ఎవరు తీసింది వాళ్ళకు ఒక సీడీలో వేసి ఇచ్చారు. తక్కిన పదకొండు సీడీలూ ఆ ఏడు చోడి చేలల్లో పిట్టలను బెదరగొడుతూ వేలాడాయి. శిబిరం వల్ల కలిగిన మేలు రాయమంటే అది తప్పకుండా రాయాలి. సోములమ్మ మాత్రం తన సీడీని చీరల మడతలో దాచుకుంది.

ముప్పై ఎనిమిది నిమిషాల్లోంచి సర్వేశ్వరరావుగారు పాదాలు కొన్ని, చెమట కొంత ఏరుకున్నారు. వెనక వేణువు పెట్టించారు. చివర 'ఆశ' ఉండాలన్నారు. విశాఖ బజారు నుంచి తెచ్చిన మామిడిపండును పూజారి భీముడి మనవరాలు భాను చేతిలో, తెరిసమ్మ కూతురు కృపావతి చేతిలో కలిపి పెట్టారు.

సోములమ్మ అడ్డుపడింది. "సార్, మామిడి కొత్త ఇంకా అవనేదు."

కొత్త అంటే ఆ కొండల్లో ఆట కాదు. పూజారి తొలి కాయను దేవతకు పెట్టి, ఊరంతా పండగ చేసుకునేవరకు కొండవీధిలో మామిడిని ఎవరూ నోట పెట్టరు. ఒక్కరు కొరికినా తప్పు ఊరందరి మీద పడుతుందని వాళ్ళ నమ్మకం.

"పట్టుకోడమేనమ్మా, తినరు," అన్నారాయన.

మర్నాడు సోములమ్మ సంతకు వెళ్ళింది. ఆయన ఆ సందు చూసుకుని పిల్లలను మళ్ళీ పిలిచారు. పట్టుకుంటే చాల్లేదట. కొరికితే, రసం గడ్డం మీదికి కారితే బాగుంటుందట. తొమ్మిదేళ్ళ పిల్ల చేతిలో పండు పెట్టి కొరకమంటే కొరక్కుండా ఉంటుందా?

ఏప్రిల్ మొదటి వారంలో బడి ముందు తెర కట్టారు. రెండు వీధుల వాళ్ళూ వచ్చారు, విడివిడిగా కూర్చున్నారు. ముందు కుర్చీల్లో ఇద్దరు విదేశీ అతిథులు. వేణువు మొదలైంది. పాదాలు, చెమట, ఆ తర్వాత తెర నిండా భాను, పక్కన కృపావతి. కొరికింది. రసం కారింది. సోములమ్మ కూడా అప్పుడే చూసింది.

భీముడు లేచి నిలబడ్డాడు. అతని వెనక కొండవీధంతా లేచింది. అతిథులు ఆ లేవడం మెచ్చుకోలనుకుని తామూ లేచి చప్పట్లు కొట్టారు.

"నా మనవరాలి సేత కొత్త తినిపించేసినారు!" భీముడు కేక పెట్టి, తెర మీద రెండో పిల్లను చూపించాడు. "ఎవులిదా గుంట? గెడ్డోల గుంట కాదూ పక్కనున్నది?"

తిట్లతో మొదలై రాళ్ళ దాకా వచ్చింది. తెల్లారేసరికి జీపు లేదు. ముళ్ళకంప రెండింతలైంది. సంస్థ నివేదికలో మాత్రం 'సాంస్కృతిక సున్నితత్వం గురించి విలువైన పాఠం నేర్చుకున్నాం' అని ఒక వాక్యం చేరింది. వాళ్ళు పాఠం నేర్చుకోవడానికి గెడ్డవీధి ఫీజు కట్టింది.

తెరిసమ్మ అక్కకు ముఖం చూపించలేదు. తలుపు వెనక నుంచే అంది: "మునుపు నీల్లే నేవు. ఇప్పుడు నా గుంటకి సెడ్డ పేరు కూడా తెచ్చినావు. ఎల్లప్పా."

సోములమ్మ వెళ్ళింది. నేరుగా పెద్దల ముందుకు వెళ్ళి, "గుంటలిద్దరిదీ తప్పు కాదు. కెమెరా వోడిని ఊల్లోకి నమ్మింది నాను. తప్పు నాది," అని తప్పు సొమ్ము కింద తన మేకను అక్కడ కట్టేసింది. భీముడు శాంతి చేశాడు. ఆ కథలో నిజంగా శాంతి చేసింది అతనొక్కడే. ఇరవై రోజులకు మామిడి కొత్త జరిగింది. ఊరు మామిడి తింది. కంప మాత్రం కదల్లేదు.

కొండవీధిలో ఫల్గుణ ఇంట్లో కలర్ టీవీ, సీడీ ప్లేయరు ఉన్నాయి. మధ్యాహ్నాలు ఆడవాళ్ళు అక్కడ చేరి సినిమాలు చూస్తారు. కొత్త అయిన వారానికి సోములమ్మ తన సీడీ పట్టుకెళ్ళింది.

"పాటలున్నాయేటే?" అని అడిగింది భీముడి పెళ్ళాం అసిరమ్మ.

"నేవత్తా."

"ఫైటింగు?"

"ఉంది."

వేణువు లేదు. బిందె చప్పుడు, ఊపిరి చప్పుడు, గులకరాళ్ళు. మొదట వేళాకోళాలాడారు. "దీని నడక అచ్చం వాల్లమ్మదే," అని ఒకతె నవ్వింది. పది నిమిషాలకు మరొకతె విసుక్కుంది. "ఇంకా దిగుతాదేటే?" ఇంకా దిగుతూనే ఉంది. ముంచింది. ఎక్కడం మొదలుపెట్టింది. నవ్వులు ఆగిపోయాయి. వాళ్ళలో నీళ్ళు మోయని ఆడది లేదు. అంత ఎత్తున బిందె ఏ చోట బరువెక్కుతుందో వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. అసిరమ్మ తనకు తెలీకుండానే మోకాళ్ళు పిసుక్కుంటోంది.

మలుపు దగ్గర తెరిసమ్మ ఆగింది. వంకర చెయ్యి మార్చుకుంది. చూడొద్దన్న కెమెరా కేసి తిరిగి చూసింది.

"అప్పా, ఇనబడతందా? పైన ఊట ఊరికే పారిపోతంది."

నిజమే. బొమ్మలో కంప కనిపిస్తోంది. దాని వెనక నుంచి రాతి మీద నీళ్ళు పడే చప్పుడు వినిపిస్తోంది. సర్వేశ్వరరావుగారు వేణువు పరిచింది ఆ చప్పుడు మీదే.

"ఆపే," అంది అసిరమ్మ.

"ఇంకా పది నిమిషాలుందత్తా."

"నాకు తెల్దేటి? దాని ఇల్లెక్కడుందో నానెరగనా? సాలు. నడిసేది అదీ, మోకాలు పీకేది నాదీను!"

లేచి వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు కూడా ఒక్కొక్కరూ లేచారు. బాగు చేశావని సోములమ్మతో ఎవరూ అనలేదు.

రెండు రోజుల తర్వాత ఊట దారికి కంప లేదు. భీముడు వీధిలో నిలబడి అరిచాడు. "ఎవులు తీసినారు? కంప ఎక్కడ?"

"పొయ్యిలో," అంది అసిరమ్మ గుమ్మంలోంచి. "పొద్దున్న నువ్వు తాగిన గంటి జావ దాంతోనే కాసినాను. ఇప్పుడు కక్కుతావేటి?"

భీముడు కక్కలేదు. మళ్ళీ కంప వెయ్యనూ లేదు. రెండు వీధులూ కౌగిలించుకున్నాయని రాయడం అబద్ధం. గెడ్డవీధి మేక వాటా ఇప్పటికీ ఇవ్వదు, కొండవీధి ఇప్పటికీ సణుగుతుంది.

ఆ మూడు నిమిషాల సినిమాకు ఏదో నగరంలో శాంతి బహుమతి వచ్చిందట. అందుకున్నది సర్వేశ్వరరావుగారు. ఆ కబురు తెలిసిన రోజు సోములమ్మ ఊట దగ్గరే ఉంది. చెల్లెలు బిందె ముంచి, తల మీదికెత్తించుకుని, ఎదురుగా కనిపిస్తున్న తన గుమ్మం కేసి చూసింది.

"అప్పా, మీ సార్ని ఇప్పుడు రమ్మను, సినిమా తీసుకుంటాడు," అంది. "సరిగ్గా మూడు నిమిసాలే."