ఉప్పునీళ్లలో లేని పురుగు

ఈ మాట పద్దెనిమిదేళ్లుగా నా గొంతులోనే ఉండిపోయింది. ఎవరికి చెప్పబోయినా ఏదో ఒక వంక దొరికేది. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు చెప్పను. అందుకేనేమో, ఇవాళ కాస్త ధైర్యం వచ్చింది. ఒక పన్నెండేళ్ల పిల్లని నలుగురిలో అబద్ధాలకోరుని చేశాను. అబద్ధం మాత్రం నాది.

మాది గోదావరి జిల్లా. నాన్నకి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం రావడంతో విశాఖ చేరాం. గోపాలపట్నంలో పెరిగాను, ఒక కాలేజీ ల్యాబ్‌లో కుదురుకున్నాను. ఆదివారాలు నలుగురు స్నేహితులం పాత వ్యాన్‌లో మైక్రోస్కోపు వేసుకుని పేటలకీ బడులకీ వెళ్లేవాళ్లం. మా కార్యక్రమానికి ఒక్కటే నియమం: ఎవరి నీళ్లు వాళ్లే తెచ్చుకోవాలి. కంచరపాలెం పిల్లలు కుళాయి నీళ్లు తెచ్చేవారు, పెందుర్తి పిల్లలు బావి నీళ్లు. అందులో ఏముందో వాళ్ల కళ్లతో వాళ్లే చూడాలి. ఎవరో చెప్పారని నమ్మకండి, చూసి నమ్మండి అని మైకు పట్టుకుని ఊదరగొట్టింది నేనే. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే చిరాకు.

సముద్రం ఒడ్డున ఒక పేటకి వెళ్లినప్పుడు ఆ పిల్ల వచ్చింది. పేరు రాయను. ఆ పేరుకి నేను చేసిన చెరుపు చాలు. చేతిలో కూల్‌డ్రింక్ సీసా, దాని నిండా సముద్రం నీళ్లు. ఒడ్డు నీళ్లు బాగోవని, వాళ్ల నాన్న వేటకెళ్లినప్పుడు లోపలి నుంచి ముంచి తెచ్చాడట. పొద్దున్నే ఆ సీసా నా చేతికిచ్చింది. నేను దాన్ని వ్యాన్ ముందద్దం దగ్గర ఎండలో పెట్టి, టిఫిన్‌కి వెళ్లి, కబుర్లలో పడిపోయాను. తిరిగొచ్చేసరికి సీసా పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. ఒక చుక్క పెట్టి చూశాను. ఇంకో చుక్క. పది చుక్కలు చూశాను. ఏమీ కదల్లేదు. ఏమీ కనిపించనూ లేదు.

ఏమీ కనిపించలేదమ్మా, ఎండలో పెట్టి పాడుచేశాను, నా పొరపాటే, ఇంకోసారి తెస్తావా అంటే సరిపోయేది. ఎందుకనలేదు? వెనకాల పిల్లలు బారులు తీరి ఉన్నారనా, ఆమె కళ్లు నా మొహం మీదే ఉన్నాయనా, లేక పాపం ఆ పిల్ల చిన్నబుచ్చుకుంటుందనా? ఈ చివరిదాన్నే చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను, వినడానికి బావుంటుంది కాబట్టి. అసలు సంగతి వేరు. లేదు అనడానికి నాకు నామోషీ అనిపించింది. కాలేజీ నుంచి తెచ్చిన స్లైడు ఒకటి పెట్టెలో ఉంది. డాఫ్నియా అని, చెరువు నీళ్లలో ఉండే బుల్లి పురుగు. స్పష్టంగా కనబడాలని దానికి గులాబీ రంగు వేసి, గాజు పలకల మధ్య అతికించి ఉంచుతారు. ఆ పిల్ల అటు తిరిగినప్పుడు దాన్ని పెట్టేశాను.

ఆ పిల్ల కన్ను ఆనించి చాలాసేపు తలెత్తలేదు.

"ఏటి సారూ, ఇది కదల్దేటి?"

"నిద్రపోతోందమ్మా."

"అంత కెరటాల్లో ఎలా నిద్దరోతాది?"

"అలవాటు. మీ నాన్నకి పడవలో నిద్ర పట్టదూ?"

"పడతాది," అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ముచ్చటేసింది. ఎంత తేలిగ్గా అబ్బింది నాకా అబద్ధం!

రెండు నెలల తర్వాత పిల్లల సైన్స్ ఫెయిర్‌లో ఆమెని మళ్లీ చూశాను. బల్ల మీద పెద్ద చార్టు. గులాబీ రంగు పురుగుని ఎంత శ్రద్ధగా వేసిందో, ఒక్కొక్క నూగూ లెక్కపెట్టుకోవచ్చు. కింద, మా నాన్న తెచ్చిన సముద్రం నీళ్లలో ఉన్నది అని రాసింది. వెనక వాళ్ల నాన్న, ఆ రోజు వేట మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు. న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దాయన ఒక్క చూపులో పట్టేశారు. ఇది చెరువు పురుగు, ఉప్పునీళ్లలో బతకదు, ఈ రంగు కూడా దానిది కాదు, పుస్తకంలో చూసి దించావు కదూ అన్నారు. ఆ పిల్ల తడబడలేదు. నా వైపు వేలు చూపించి, ఆ సారే సూపించారండి అంది. పెద్దాయన నా వైపు తిరిగారు.

నేనన్న మాట ఇది. "పిల్లలు కదండీ, ఎక్కడో చూసి కలిపేసుకుని ఉంటుంది."

ఆమె ఏడవలేదు. నన్నే చూస్తూ ఉండిపోయింది, నేను ఇంకేదో చెప్తానని. వాళ్ల నాన్న చార్టు చుట్టి చంకలో పెట్టుకున్నాడు. అబద్ధం ఎందుకాడినావే అమ్మా అని మెల్లగా అడగడం విన్నాను. అప్పుడైనా రెండడుగులు వెయ్యొచ్చు. వెయ్యలేదు. ఆ పేట వైపు ఇక వద్దు, రూటు మారుద్దామని స్నేహితులకి చెప్పింది కూడా నేనే.

పోయిన నెల బీచ్ రోడ్డులో జనానికి సైన్స్ చూపించే కార్యక్రమంలో నా బల్ల ముందు ఆమె ఆగింది, కూతురి చెయ్యి పట్టుకుని. నేను గుర్తుపట్టేలోపే, బాగున్నారా సారూ అని పలకరించింది. ఆ మర్యాదకి తట్టుకోలేకపోయాను. అక్కడే, జనం మధ్యలోనే, మొత్తం చెప్పేశాను. సీసా, ఎండ, స్లైడు, నా పిరికితనం.

"ఆ మాట మా నాన్నకి సెప్పాల్సింది సారూ. రెండేళ్లయింది పోయి. ఆ రోజు నుంచి నానేటి సెప్పినా, నిజవేనా అని అడిగీవోడు."

గొంతులో కోపం లేదు. ఉంటే బావుండేది. కూతుర్ని తీసుకుని పక్క బల్ల దగ్గర వరసలో నిలబడింది. పాప మైక్రోస్కోపులో చూస్తున్నంతసేపూ నేను నా బల్ల దగ్గరే ఉన్నాను. వెళ్లేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు, నాకు ఆ హక్కూ లేదు. వినవలసిన మనిషి వినలేడు కాబట్టి, వినేవాళ్ల ముందు చెప్తున్నాను. ఇంతకాలానికి గొంతు కొంచెం తెరిపినపడింది. మిగిలింది ఒక్క వాక్యమే, అది మీకు కాదు.

అయ్యా, మీ అమ్మాయి నిజమే చెప్పింది.