నాది కాదన్న దరువు

వాగ్దేవికి నమస్కరించి, ఆమె ప్రసాదించిన నోటితోనే ఆమెను అవమానించినవాడినని ముందుగా చెప్పుకొని, సర్వధారి నామ సంవత్సర కార్తిక బహుళ ఏకాదశి నాడు ఈ మాటలు రాస్తున్నాను.

చదువరీ, ఏండ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇన్నాళ్లూ దాని గురించి ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు దానికి సన్మానం చేస్తామంటున్నారు. ఇక మోయలేను.

మొన్న జడ్చర్ల నుంచి కొందరు యువకులు వచ్చారు. నైజాం ఏలుబడి ముగిసింది గనుక ధీరులను వెదుకుతున్నారు. శత్రురాజు పేరు చాటున మా దొరనే ఎండగట్టిన యక్షగానం రాసిన సాహసకవిని నేనట. మార్గశిరంలో సభ పెట్టి గౌరవిస్తారట. వారి ఎదుట నేను కాదనలేదు. వారు వెళ్లిన తర్వాత నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎవరిమీద? ఏమీ ఎరుగని ఆ పిల్లలమీదనా? వారి పొగడ్తను తలవంచి వింటూ కూర్చున్న ఈ ముసలి తలకాయమీదనా?

జరిగినదిది. స్వభాను సంవత్సరంలో, జర్మనీతో యుద్ధం నడుస్తున్న రోజుల్లో, దొర కొలువులో పద్యాలు రాసే నన్ను తహసీల్దారు పిలిపించాడు. జర్మనీ ఏలికను దుష్టుడిగా చిత్రించి ఒక యక్షగానం రాయమన్నాడు. దాన్ని చూసి జనానికి కసి పుట్టాలి, ఆ కసితో వారు యుద్ధనిధికి ధాన్యం పోయాలి. ఆడటానికి చిందు భాగవతుల మేళాన్ని కుదిర్చాడు. ఈ భాగవతులు ఊరూరా తిరిగి ఆటలాడేవారు. ఏ ఊళ్లు ఏ కుటుంబానివో తాతలనాడే హద్దులు పడి ఉంటాయి. ఆ ఊళ్లవారు పెట్టే గింజలే వారి బతుకు. మా ఊళ్ల హక్కు నర్సయ్యది. అతడే శత్రురాజు వేషం.

నర్సయ్యకు అక్షరం రాదు. నేను అరుగుమీద కూర్చుని చెప్పేవాడిని, అతడు వాకిట్లో నిలబడి వినేవాడు. రెండుసార్లు వింటే చాలు, అక్షరం జారేది కాదు. కాగితం అతని చేతికి ఇవ్వడమన్న ఆలోచన మా ఇద్దరికీ ఎన్నడూ రాలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. నా అబద్ధం దీనిమీదనే నిలిచింది.

నేనెరిగిన దుష్టులందరూ పురాణాల్లోని వారే. కనుక జర్మనీ ఏలికకు పది తలలు పెట్టాను, నెత్తురు తాగించాను, యజ్ఞాలు చెరిపించాను. మొదటి ఆటలోనే జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. "పది తలకాయలైతే పక్కకెట్ల పండుతడురా?" అని ఒకడంటే, "క్షవరానికి మంగలాయన ఎన్ని గింజలడుగుతడో!" అని ఇంకొకడు. తహసీల్దారు మండిపడ్డాడు. "క్యా పంతులూ! దుష్మన్‌ను జూస్తె నవ్వొస్తదా? కడుపుల మంట లేవాలె!" అన్నాడు.

ఈ జనానికి కడుపులో మంట లేపేదేమిటి? వెదకనక్కరలేదు. నా కళ్లెదుటనే ఉన్నది. అంతకుముందటి వానకాలం, దొర ఎక్కి తిరిగే కచ్చడం బండికి కట్టిన ఎద్దుల్లో ఒకటి కుంటుపడింది. వెట్టికి వచ్చిన మల్లయ్య అనే రైతును అన్నం ముందు నుంచి లేపి, రెండో ఎద్దు పక్కన కాడికి కట్టారు. అరుగుమీద నుంచి నేను చూశాను. చూసి తలుపు వేసుకుని పారాయణకు కూర్చున్నాను. అదే దృశ్యాన్ని ఇప్పుడు దరువుగా, ఆటలో పాడే పాటగా కట్టి శత్రురాజు నోట పెట్టాను:

ఎద్దు కుంటినదేని యేమి కొదవయా?
గద్దె మోయగ మీకు గలవు మెడలయా!
ముద్ద నోటికి బోవు పూట పిలిచినా
సుద్దులాడక వచ్చి జోడుగా లాగుడీ!

సాహసమా? కాదు, చదువరీ. దొర పేరు నా మనసులో లేనే లేదు. మల్లయ్య మెడమీది పుండు నాకు ఒక అలంకార సామగ్రి. దొరల కొలువులో ఉండి, దొరల ప్రభువుల యుద్ధం కోసం, దొర చేసిన దుర్మార్గాన్నే ఎత్తుకుపోయి సముద్రాల ఆవలివాడికి అంటగట్టాను. ఆ దరువు బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

నర్సయ్య మాత్రం విని నసిగాడు. "అయ్యోరూ, గిది జర్మనోని ముచ్చటేనా? మా వాడకట్టు ముచ్చటలెక్క గొడుతాంది." "దుర్మార్గుడు ఎక్కడివాడైనా ఒకటే. పాఠం పట్టు," అని కసిరాను.

మాఘమాసంలో వారపు అంగడినాటి పగటిపూట ఆట. ముందు వరుసలో కుర్చీలు వేశారు. తహసీల్దారు, దొర, పక్కన నేను. నర్సయ్య కిరీటం పెట్టుకుని, ముక్కు కింద ఈగంత మీసం దిద్దుకుని, ఆ దరువు ఎత్తుకున్నాడు. ఒక్కరూ నవ్వలేదు. పళ్లు కొరుకుతున్నారు. తహసీల్దారు సంతోషంతో నా భుజం తట్టాడు. అంతలో వెనుక నుంచి ఒక ముసలమ్మ గొంతు లేచింది: "ఓరి, గీ జర్మనోడు మన మల్లిగాణ్ణి గూడ ఎప్పుడు గట్టిండురా బండికి?"

తలలన్నీ దొరవైపు తిరిగాయి. తర్వాత అంగడి అంతా నవ్వింది. ఆ నవ్వు వేరు.

దొర చెయ్యెత్తాడు. మద్దెల ఆగింది. "ఎవలు జెప్పిన్రురా గీ పాట?"

నర్సయ్య చేతులు కట్టుకున్నాడు. "పాట గట్టేటంత సదువు నాకేడిది దొరా? బాంచెన్, చెప్పింది చెప్పినట్టు పాడిన." నా పేరెత్తలేదు. నావైపు చూడనైనా లేదు. నాకు మాట్లాడటానికి చోటిచ్చాడని ఇప్పుడు తోస్తున్నది.

దొర నావైపు తిరిగాడు. "ఏమయ్యా పంతులూ?"

నేనన్నాను: "పద్యాలు నావి. ఈ దరువు నాది కాదు. వీడే కలిపాడు."

నా రాత అతని దగ్గర లేదు. నా మాటకు ఎదురు చెప్పే కాగితం ఈ భూమిమీదనే లేదు. అతని మాట మాటే కాదు. శాస్త్రాలు చదివినవాడినని ఊరంతా నమ్మే నోటితో, నిరక్షరాస్యుడి మీద కవిత్వాన్ని నేరంగా మోపాను.

దొర నవ్వాడు. "మంచిగ పాడినవురా. జోడుగ లాగుడీ అంటివి గద, లాగు." తన బండి ఎద్దుల్లో ఒకదాన్ని విప్పించి నర్సయ్యను కాడికి కట్టించాడు. కిరీటం తీయనివ్వలేదు. తర్వాత నన్ను పిలిచాడు: "రా పంతులూ, ఎక్కు."

ఎక్కాను.

బలవంతమేమీ లేకుండానే ఎక్కానని ఇంతవరకు నా భార్యకు కూడా చెప్పలేదు. భయపడి అబద్ధమాడానని నన్ను నేను సమర్థించుకున్న రోజులున్నాయి. కానీ బండి ఎక్కకుంటే నన్ను ఎవరు కొట్టేవారు? కాళ్లు నొప్పిగా ఉన్నాయన్నా సరిపోయేది. ఎక్కి, దొర పక్కన సర్దుకుని కూర్చున్నాను. దొర ఉండే గడీ దాకా ఆ చెమట పట్టిన వీపును, ఎగుడుదిగుడు బాటలో ఊగుతున్న అట్ట కిరీటాన్ని చూస్తూనే ఉన్నాను. శత్రురాజు ఓడిపోయాడని దొర పరాచకమాడితే నవ్వాను కూడా.

ఆ వారంలోనే నర్సయ్య మేళానికి మా ఊళ్ల హక్కు తీసేశారు. తాతలనాటి హద్దులు ఒక్క మాటతో చెరిగిపోయాయి. పిల్లలతో, మద్దెలలతో వారు దక్షిణంగా వెళ్లిపోయారని విన్నాను. వెదకలేదు. నేను ఆ యక్షగానంలో ఈ దరువు తీసేసి, పది తలలు తిరిగి పెట్టి, మరో మేళానికి నేర్పాను.

పరపీడనను నిందించమని పీడకుడే కూలి ఇస్తే రాసిన కవిత్వం నాది. అందులో పొరపాటున ఒక్క సత్యం పడితే, దాన్ని నాది కాదన్నాను. ఇప్పుడు దొర పారిపోయాడు గనుక నాదనాలా? అప్పుడు నర్సయ్యకు అంటగట్టింది నింద గనుకనా? ఇప్పుడు నేను తీసుకోబోయేది కీర్తి గనుకనా? ఛీ!

క్షమించమని నిన్ను అడగను, చదువరీ. క్షమించే హక్కు నీది కాదు. ఆ దరువు నాది. ఈ మాట రాసిన తర్వాత చాలా కాలానికి నా ఊపిరి నాకు వినిపిస్తున్నది.

సర్వధారి మార్గశిర శుద్ధ పంచమి నాడు జడ్చర్లలో సభ జరిగింది. పై మాటలన్నీ నిలబడి చదివాను. సన్మానం జరగలేదు. నర్సయ్య ఎక్కడున్నాడో ఆ సభలో ఎవరికీ తెలియదు.