ఎర్ర టేపు రాకెట్

టెన్నిస్ స్టేడియం కింద, మెట్ల వెనక ఉన్న గదిని గట్టింగ్ గది అంటారు. దానికి కిటికీ లేదు. రాకెట్లకు తీగలు బిగించే యంత్రాలు వరసగా ఉంటాయి, గోడ మీద ఎత్తులో ఒక టీవీ. ఆ రోజు గదిలో అందరూ చేతులతో పని చేసుకుంటూ ఒక కన్ను టీవీ మీద వేసి ఉంచారు. మామ మాత్రం చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

టోర్నమెంట్లు తిరిగేవాళ్లందరికీ ఆయన మామే. అసలు మేనమామ మాత్రం ఒక్కరికే, పైన కోర్టులో ఆడుతున్న ఛాంపియన్‌కి. ఆయన అక్క కూతురు. ఆయన పిలిచే పేరు మిడత. చిన్నప్పుడు వాళ్లమ్మ క్లబ్బులో తువ్వాళ్లు ఉతుకుతుంటే, ఈ పిల్ల లాండ్రీ గది వెనక గోడకేసి బంతి కొడుతూ గెంతులేసేది. ఎవరో విరగ్గొట్టి పారేసిన రాకెట్‌ని మామే అతికించి, పిడి కోసి పొట్టి చేసి, తీగలు వేసి చేతికిచ్చాడు. అప్పట్నుంచి ఆమె పట్టిన ప్రతి రాకెట్టూ ఆయన చేతి మీదుగా వెళ్లిందే. జూనియర్ కప్పులు, మొదటి పెద్ద టైటిల్, ఆ తర్వాత రెండోది, మోకాలి ఆపరేషన్, ర్యాంకు జారిపోవడం, "ఇంకేం ఆడుతుందిలే" అన్న మాటలు, అన్నీ ఇలాంటి గదుల్లో కూర్చునే చూశాడు. ఈ ఏడాదితో మానేస్తానని ఆమె ఇంట్లో చెప్పేసింది. తను మొదట గెలిచిన ఈ టోర్నమెంటులో ఇంకొక్కసారి ఫైనల్ దాకా వెళ్లి మానేయాలని కోరిక. ఇవాళ క్వార్టర్ ఫైనల్.

ఆట మొదలయ్యాక మామకు పొద్దుటి సంగతి గుర్తొచ్చింది. గుండెల్లో రాయి పడింది.

రాకెట్‌కి ముందు నిలువు తీగలు బిగిస్తారు. తర్వాత అడ్డం తీగని బుట్ట అల్లినట్టు ఒకదాని పైనుంచి, ఒకదాని కిందనుంచి తీసుకుపోవాలి. ఒక్కచోట వరస తప్పి రెండింటి పైనుంచి పోయిందా, అక్కడ తీగ జారుతుంది. బంతి చెప్పినమాట వినదు. అందుకే అల్లుతున్న మనిషిని ఎవరూ పలకరించరు, ఆ గదిలో అది కట్టుబాటు. మిడత కోచ్ కొత్తవాడు, అతనికి తెలియదు. సరిగ్గా అల్లిక మధ్యలో వచ్చి, "మామా, సెమీస్‌కి వెళ్తే తీగలు వెయ్యడానికి రాకెట్ కంపెనీ మనిషిని పెట్టుకుందామా? మీకూ కాస్త విశ్రాంతి" అన్నాడు. "చూద్దాంలే బాబూ" అన్నాడు ఈయన. నీలం టేపు అయిపోతే ఆ ఒక్క రాకెట్ పిడికి ఎర్ర టేపు చుట్టాడు. ఎప్పటిలా ఒక్కో తీగ మీదా వేలు నడిపి చూసుకునేలోపే కోచ్ దాన్ని అందుకుని సంచిలో పెట్టేశాడు.

ఇప్పుడు ఆ వేలే దిక్కు, కన్ను పని చెయ్యడం లేదు. కుడికంట్లో పొర కమ్మింది, ఎడమది కూడా దాని దారే పట్టింది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే పక్కన పెడతారు. పిల్లని కంటికి రెప్పలా చూసుకున్నానని పదిమందిలో చెప్పుకునే మనిషి, ఆ కన్నే పోతోందని ఏ నోటితో చెప్తాడు?

పక్క యంత్రం దగ్గర పనిచేసే ఆవిడని ఆయన చెల్లీ అంటాడు. ఆవిడ చెయ్యి పదును, నోరు అంతకన్నా పదును.

"చెల్లీ, మా పిల్ల చేతిలో రాకెట్ టేపు ఏ రంగు?"

"నీలం. ఏం అన్నా, గౌనుకి మ్యాచింగ్ చూస్తున్నావా?"

"ఊరికే."

కాసేపాగి మళ్లీ, "ఇప్పుడో?"

"ఇప్పుడూ నీలమే. గోడంత టీవీ, కనబడట్లా?"

"వెలుతురు పడి మెరుస్తోంది."

"కిటికీ లేని గదిలో వెలుతురు ఎక్కణ్ణించి పడిందో!"

మొదటి సెట్ మిడత గెలిచింది, రెండోది పోగొట్టుకుంది. మామ లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. పైకి పరిగెత్తినా గేటు దగ్గరే ఆపేస్తారు. మూడో సెట్లో స్కోరు సమానంగా ఉండగా బంతులు మార్చారు.

"రాకెట్ కూడా మార్చింది" అంది చెల్లి.

"రంగు?"

"ఎరుపు."

మామ తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా నిలబడ్డాడు. ఆ మొహం చూసి చెల్లి చేతిలో పని కింద పెట్టింది. ఇక ఆయన అడక్కుండానే చెప్పడం మొదలెట్టింది.

"సర్వీసుకి వెళ్లింది... ఆగింది. తీగల మీద వేలు నడుపుతోంది, అచ్చం నీలాగే. ఒకచోట ఆగింది అన్నా. వెనక్కి వెళ్తోంది. అంపైర్ తొందరపెడుతున్నాడు. నీలంది తీసుకుంది."

"ఎర్రదో?"

"బెంచీ మీద పెట్టి తువ్వాలు కప్పింది. కోచ్ కూర్చున్న వైపు కనబడకుండా, నిద్రపోతున్న పసిపిల్లకి కప్పినట్టు."

ఆ తర్వాత ఆట ఎలా సాగిందో మామకు తెలియదు. గదిలో చప్పట్లు కొడితే గెలిచిందని తెలిసింది.

మిడత తడిజుట్టుతోనే, కాస్త కుంటుతూ వచ్చింది. తువ్వాల్లో చుట్టిన రాకెట్ ఆయన ఒళ్లో పెట్టింది.

"ఎప్పట్నుంచి మామా?"

"దేని గురించే?"

"నా దగ్గరా నాటకాలు? వేలు పెట్టి చూడటం నేర్పింది నువ్వే కదా. కన్ను బాగుంటే ఈ తప్పు వదుల్తావా?"

మామ తువ్వాలు అంచు మడిచాడు, విప్పాడు. "పోయినేటి నుంచి. చెప్తే నన్ను ఇంటికి పంపేస్తావని."

"నా మోకాలికి మళ్లీ నీరు పడుతోందని నేను చెప్పానా? చెప్తే నువ్వు నన్ను ఇంటికి లాక్కెళ్తావని."

"దొందూ దొందే" అంది చెల్లి.

మామ తన కత్తెర తీసి చెల్లి యంత్రం మీద పెట్టాడు.

"సెమీస్‌కి మా పిల్ల రాకెట్లు నువ్వు అల్లు తల్లీ."

"అల్లుతా. చివర్న వేలు మాత్రం నువ్వే నడపాలి. ఏదన్నా తప్పొస్తే నీ మీదికి తొయ్యాలిగా!"

సెమీఫైనల్లో మిడత ఓడిపోయింది. మూడో సెట్‌లో మోకాలు మొండికేసింది. ఆమె ఆట అక్కడితో సరి. ఇప్పుడు కన్ను బాగుచేయించుకుని తీరిగ్గా కూర్చున్న మామని ఆ మ్యాచ్ గురించి అడిగితే, స్కోరు కన్నా ముందు ఒక మాట చెప్తాడు: "తీగల్లో మాత్రం తప్పు లేదు. ఒక్కోటీ నేనే చూశాను."